తొలి నవలకో ఊరు చాలు!

'ఎప్పటికైనా ఓ నవల రాయాలి...'

నవలలు చదివేవాళ్లలో ఈ మాట అనుకోనివారు అరుదు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినప్పుడు అనుకుంటారు. మంచి నవల చదివి మూసేసిన రాత్రి అనుకుంటారు. బాగాలేని నవల చదివినప్పుడైతే మరీనూ... 'ఇంతకన్నా నేనే బాగా రాస్తాను' అని గట్టిగా అనేస్తారు కూడా. ఆ తర్వాత పిల్లల పరీక్షలొస్తాయి. ఇంటి లోను వాయిదాలొస్తాయి. ట్రాన్స్‌ఫర్ ఆర్డరొస్తుంది. నవల మాత్రం రాదు. 'రిటైరయ్యాక తీరిగ్గా రాద్దాంలే' అన్న దగ్గర ఆగిపోతుంది.

కొందరు ఇంకో అడుగు ముందుకేస్తారు. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్కు కొంటారు. మొదటి పేజీలో నవల పేరు, రెండో పేజీలో అంకితం. మూడో పేజీలో మొదటి వాక్యం రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, మళ్లీ కొట్టేసి... చివరికి ఆ నోట్‌బుక్కు పాలవాడి లెక్కలకు పనికొస్తుంది.

ఇంతకీ అడ్డం పడుతున్నదేమిటి? ప్రతిభ లేకపోవడమా, తీరిక లేకపోవడమా? తెలుగులో నవలా రచనకు దారి వేసినవాళ్ల సంగతులు చూస్తే ఈ రెండూ కాదేమో అనిపిస్తుంది. వాళ్లలో తీరిగ్గా కూర్చున్నవాళ్లు తక్కువ. ఉద్యోగాలు, ఉద్యమాలు, జైళ్లు, అప్పులు... అన్నీ ఉన్నాయి. వాటి మధ్యనే రాశారు. తమకు బాగా తెలిసిన ఒక చోటు పట్టుకుని, దాని చుట్టూ గిరి గీసుకుని, ఆ గిరి లోపల రాశారు. తొలి నవల మొదలెట్టాలనుకునేవారికి అంతకు మించిన పాఠం లేదు.

ధవళేశ్వరంలో దొరికిన దారి

తెలుగులో నవల పుట్టినప్పుడు దానికి ఆ పేరే లేదు. నరహరి గోపాలకృష్ణమ చెట్టి 'శ్రీరంగరాజ చరిత్ర' 1872లో వచ్చింది. ఆ తర్వాత ఆరేళ్లకు, 1878లో, కందుకూరి వీరేశలింగం తన సొంత పత్రిక 'వివేకవర్ధని'లో 'రాజశేఖర చరిత్రము' అచ్చువేయడం మొదలుపెట్టారు. అది 1880లో పుస్తకమైంది.

వీరేశలింగం ముందుగా చేయబోయింది వేరే పని. ఆలివర్ గోల్డ్‌స్మిత్ రాసిన 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' అనే ఇంగ్లిషు నవలను తెనిగిద్దామనుకున్నారు. కొంత ప్రయత్నించి ఆ పని మానుకున్నారు. ఇంగ్లండులోని పల్లెటూరి మతగురువు ఇంటి సంగతుల్ని గోదావరి ఒడ్డున ఉన్నవారికి చెప్పడం కన్నా, గోదావరి ఒడ్డు సంగతులే చెప్పడం మేలు కదా! కథను ధవళేశ్వరంలో మొదలుపెట్టారు. అది ఆయన బడిపంతులుగా పనిచేసిన ఊరు. గోల్డ్‌స్మిత్ ఛాయలు ఆ నవలలో ఉన్నాయని అప్పట్లోనే విమర్శలొచ్చాయి. అయితేనేం... ఆ ఊరూ, ఆ ఇళ్లూ, జ్యోతిషాలూ, బంగారం చేసి పెడతామనే మోసాలూ అన్నీ ఇక్కడివే. 1887కల్లా అది 'ఫార్చూన్స్ వీల్' పేరుతో ఇంగ్లిషులోకీ వెళ్లింది. ఇంగ్లిషు నవలను తెలుగులోకి తేబోయిన మనిషి చివరికి తెలుగు నవలను ఇంగ్లిషువాళ్లకు ఇచ్చినట్టయింది.

మొదలుపెట్టేనాటికి ఆయనకు ముప్పై ఏళ్లు. చేతిలో పత్రిక ఉంది కాబట్టి మరో చిక్కూ ఉంది... వచ్చే సంచికకు తర్వాతి భాగం ఉండి తీరాలి! మొదటి అధ్యాయాన్నే ఏడాదిపాటు చెక్కుతూ కూర్చునే వీలు లేదు. తొలి నవల మధ్యలో ఆగిపోకుండా ఉండటానికి అలాంటి గడువు కూడా ఓ మందే.

ఒక్క రోజు... ఒక నవల

గిరి గీసుకోవడమంటే ఏమిటో తెలియాలంటే హైదరాబాద్ తూర్పు వైపు వాళ్లు దూరం వెళ్లనక్కర్లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం దాకా వెళితే చాలు.

వరంగల్ ప్రాంతంలోని వావిలాల నుంచి వచ్చిన దొంగరి మల్లయ్య అనే యువకుడు అక్కడ ఎమ్మే ఎకనామిక్స్ చదివాడు. హాస్టల్లో ఉన్నాడు. పల్లె నుంచి వచ్చిన పేద విద్యార్థికి ఆ క్యాంపస్ ఎలా కనబడుతుందో, డబ్బులేనితనం ఎంత బెరుకు నేర్పుతుందో అతనికి తెలుసు. ఆ అనుభవాల మీద నవల రాయాలనుకున్నప్పుడు చిన్ననాటి నుంచి మొదలుపెట్టి మూడు తరాల కథ చెప్పొచ్చు. అలా చేయలేదు. రవి అనే విద్యార్థి జీవితంలో ఒకే ఒక్క రోజు తీసుకున్నాడు. పొద్దున నిద్రలేచింది మొదలు రాత్రి పడుకునే దాకా పదహారు గంటలు. ఆ గంటల్లో రవి ఎవరిని కలిశాడు, ఏం చేశాడు అన్నది కొంతే... అతని మనసులో ఏం తిరిగిందన్నదే అసలు కథ.

అదే 'అంపశయ్య'. 1969లో అచ్చయింది. చైతన్య స్రవంతి పద్ధతిలో వచ్చిన తెలుగు నవలల్లో ముందుగా చెప్పుకునే పేర్లలో ఒకటైంది. రచయిత నవీన్ పేరుతో రాశారు. చివరికి ఆ నవల పేరే ఆయన ఇంటిపేరులా స్థిరపడిపోయింది... అంపశయ్య నవీన్! తర్వాత ఆయన ఎన్నో నవలలు రాశారు. 'కాలరేఖలు' నవలకు 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. చాలా ఏళ్ల కాలాన్ని ఒక నవలలో పరిచే పని తర్వాతి రోజుల్లో చేశారు. తొలి నవలకు మాత్రం ఒక రోజు, ఒక క్యాంపస్, ఒక మనిషి సరిపోయాయి.

జైల్లో ఒకరు... ప్రెస్సులో ఒకరు

'తీరిక లేదు' అనేవారి కోసం మరో ఇద్దరి సంగతి.

ఉన్నవ లక్ష్మీనారాయణ గుంటూరు ప్రాంతంలో పేరున్న బారిస్టరు. స్వాతంత్ర్యోద్యమంలో దిగి జైలుకెళ్లారు. రాయవెల్లూరు జైల్లో ఉండగా రాసిందే 'మాలపల్లి'. 1922లో వెలువడిన ఆ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అప్పటికి ఆయన వయసు నలభై అయిదు దగ్గర. 'ఈ వయసులో నవలేమిటి' అనుకునేవారు ఆ లెక్క ఓసారి చూసుకోవచ్చు.

రెండో మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చెరువుమాదారంలో 1915లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. ఇళ్లలో వంట చేశారు. హోటల్లో సర్వరుగా పనిచేశారు. పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో సికింద్రాబాద్‌లో 'దేశోద్ధారక గ్రంథమాల' పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. జైళ్లకు వెళ్లొచ్చారు. ఇన్నిటి తర్వాత 'ప్రజల మనిషి' రాశారు. 1955లో వచ్చిన ఆ నవలతోనే తెలంగాణ పల్లె తన దొరతో, తన వెట్టితో, తన తిరుగుబాటుతో సహా తెలుగు నవలలోకి నడిచొచ్చిందని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. కథ జరిగేది దిమ్మెగూడెం అనే ఊళ్లో. ఆ ఒక్క ఊరూ తెలిస్తే నిజాం కాలపు పల్లెలన్నీ తెలిసినట్టే!

ఆళ్వారుస్వామి రెండో నవల 'గంగు' మాత్రం పూర్తికాలేదు. 1961లో, నలభై అయిదేళ్లకే, ఆయన కన్నుమూశారు. అసంపూర్తి నవలే తర్వాత పుస్తకంగా వచ్చింది. రిటైరయ్యాక రాద్దామని ఆయన ఊరుకుని ఉంటే 'ప్రజల మనిషి' కూడా ఉండేది కాదు.

బాటసింగారంలో నవల ఉందా?

నకిరేకల్ నుంచి విజయవాడ హైవే పట్టుకుని హైదరాబాద్ వైపు వస్తే, నగరం ఇంకా మొదలుకాక ముందే బాటసింగారం వస్తుంది. అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో, రామోజీ ఫిల్మ్‌సిటీకి దగ్గర్లో ఉన్న ఊరు. హైవే మీద వెళ్లేవాళ్లలో చాలామందికి అదో బోర్డు మాత్రమే. అలాంటి చోట నవలకు సరిపడా కథ ఎక్కడుంటుంది?

వెతికితే ముందుగా కనబడేది పండ్ల మార్కెట్టు. కొత్తపేటలో దశాబ్దాల పాటు సాగిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021-22లో అక్కడి నుంచి కదిలి బాటసింగారం లాజిస్టిక్ పార్కుకు చేరింది. పాత మార్కెట్టును కూల్చి ఆ స్థలంలో పెద్దాసుపత్రి కట్టే పని మొదలుపెట్టారు. వార్తగా ఇది నాలుగు వాక్యాలే. పేపర్లో ఒక మూల వచ్చి, మర్నాటికి పాతబడిపోతుంది.

నవలకు కావలసింది ఆ నాలుగు వాక్యాల వెనక ఉంటుంది. ఉదాహరణకు ఒక హమాలీ ఉన్నాడనుకుందాం. ఇరవై ఏళ్లుగా కొత్తపేట మార్కెట్టు వెనక గదిలో అద్దెకుంటున్నాడు. నిద్రలేచి అయిదు నిమిషాల్లో పనిలో ఉండేవాడు. ఇప్పుడు తెల్లారగట్ల బండి పట్టుకుని బాటసింగారం చేరాలి. మకాం మార్చేద్దామంటే కూతురు దిల్‌సుఖ్‌నగర్లో గ్రూప్స్ కోచింగ్‌లో ఉంది. ఆ అమ్మాయికి ఈ ఏడాదే ఆఖరి అవకాశమని తండ్రి అనుకుంటున్నాడు. ఆ అమ్మాయి మాత్రం ఇంకేదో అనుకుంటోంది. మార్కెట్టులో కమీషన్ ఏజెంటు దగ్గర ఇతనికి పాత బాకీ ఉంది. మామిడి సీజను మొదలైంది...

ఇదిగో, గిరి దొరికింది. కాలం... ఒక మామిడి సీజను. చోటు... కొత్తపేటకూ బాటసింగారానికీ మధ్య రోడ్డు. మనుషులు... ముగ్గురో నలుగురో. ఒక్కొక్కరికీ ఏదో ఒకటి కావాలి, దానికి మరొకరు అడ్డం. సీజను ముగిసేసరికి బాకీ సంగతి, చదువు సంగతి, ఇంటి సంగతి ఏదో ఒకటి తేలాలి. కథ మొత్తం ముందే తెలియనక్కర్లేదు. ఈపాటి తెలిస్తే రాయడం మొదలుపెట్టొచ్చు.

తెలియనిది తెలుసుకోవాలి కూడా. వేలం ఎన్నింటికి మొదలవుతుంది? పాట పాడేదెవరు? మామిడికాయల కింద వరిగడ్డి పరిచేదెవరు? తూకంలో గొడవొస్తే ఎవరి మాట చెల్లుతుంది? నల్లగొండ నుంచి బత్తాయి తెచ్చిన రైతు డబ్బు చేతికొచ్చే దాకా ఎక్కడ కూర్చుంటాడు, ఏం తింటాడు? వీటికి జవాబులు ఇంట్లో కూర్చుంటే రావు. ఓ పాకెట్ పుస్తకం పట్టుకుని నాలుగు రోజులు తెల్లవారుజామున వెళ్లి నిలబడాలి. హమాలీతో చాయ్ తాగాలి. వెళ్లినవారికి ఇంకోటి కూడా తెలుస్తుంది... తాము అనుకున్న కథ కన్నా అక్కడ జరుగుతున్నది ఎక్కువ ఆసక్తిగా ఉందని!

అమెరికా రచయిత్రి టోనీ మారిసన్ కూడా తొలి నవలకు తను పుట్టిన ఊరినే తీసుకున్నారు. ఒహాయో రాష్ట్రంలోని లొరైన్ అనే చిన్న పట్టణం. ఇద్దరు కొడుకుల్ని ఒంటరిగా పెంచుతూ, ప్రచురణ సంస్థలో ఎడిటర్ ఉద్యోగం చేస్తూ, తెల్లారకముందే లేచి రాసుకున్నారు. 'ది బ్లూయెస్ట్ ఐ' 1970లో అచ్చయ్యేసరికి ఆమెకు ముప్పై తొమ్మిదేళ్లు. ఇరవై మూడేళ్ల తర్వాత నోబెల్ వచ్చింది.

రోజుకో పేజీ లెక్క

చోటు దొరికాక మిగిలింది రోజువారీ పని. ఇక్కడ కవిత్వం పనిచేయదు, లెక్కలే పనిచేస్తాయి.

మామూలు సైజు తెలుగు నవల పేజీలో సుమారు 200 మాటలు పడతాయనుకుంటే, 200 పేజీల నవలకు 40 వేల మాటలు. రోజుకు ఒక్క పేజీ చొప్పున రాస్తే 200 రోజులు. అంటే ఏడు నెలలు కూడా పట్టదు. ఉగాదికి మొదలుపెడితే దీపావళికల్లా చిత్తుప్రతి చేతిలో ఉంటుంది. మధ్యలో పెళ్లిళ్లు, జ్వరాలు, చుట్టాలు వస్తారు కాబట్టి ఇంకో రెండు నెలలు కలుపుకున్నా ఏడాది లోపే.

ఇంగ్లిషు నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ ఈ లెక్కల్లో ఘనుడు. తపాలా శాఖలో ఉద్యోగి. తెల్లవారుజామున అయిదున్నరకే బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 మాటల చొప్పున రాసి, ఆ తర్వాత ఆఫీసుకెళ్లేవాడు. మొత్తం 47 నవలలు రాశాడు. తొలి నవల ఆలోచన అతనికి ఐర్లండులో ఉద్యోగం చేస్తున్నప్పుడు, నడకకు వెళ్లినచోట ఓ పాడుబడ్డ ఇల్లు చూసినప్పుడు వచ్చింది. ఆ ఇంట్లో ఎవరుండేవారు, ఎందుకిలా పాడుబడింది... అంతే. 1847లో అచ్చయిన ఆ పుస్తకం అమ్ముడుపోలేదు. అయినా ట్రోలప్ ఆగలేదు.

ఇలాంటి పట్టుదలను ఓ పండగలా చేసినవాళ్లూ ఉన్నారు. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 21 మంది మిత్రులు ఒక్క నెలలో 50 వేల మాటల నవల రాయాలని పందెం వేసుకున్నారు. తర్వాత అది ఏటా నవంబరులో జరిగే కార్యక్రమమై లక్షల మందికి పాకింది. దాన్ని నడిపిన సంస్థ 2025లో మూతపడింది. కానీ ఆ పద్ధతికి సంస్థతో పనేముంది? నెలలో 50 వేలంటే రోజుకు 1667 మాటలు. ఉద్యోగస్తులకు అది మరీ ఎక్కువే. అందులోంచి తీసుకోవలసింది వేగాన్ని కాదు, ఒక నియమాన్ని... చిత్తుప్రతి పూర్తయ్యే దాకా వెనక్కి తిరిగి దిద్దకూడదు!

తొలి నవలలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. పదో పేజీ రాసి మొదటి పేజీ చదువుతారు. నచ్చదు. మళ్లీ మొదటి నుంచి. ఇలా మొదటి పది పేజీలే పదిసార్లు రాసినవారున్నారు. ఇల్లు ఊడ్వడం పూర్తికాకుండానే గుమ్మం దగ్గర ముగ్గు దిద్దుతూ కూర్చుంటే ఎలా? ముందు ఊడ్వాలి, ముగ్గు తర్వాత. ఇంకో చిట్కా... ఏ రోజుకారోజు రాయడం ఆపేటప్పుడు, మర్నాడు రాయబోయేది ఏమిటో ఒక్క ముక్క కింద రాసి పెట్టుకుంటే, పొద్దున్నే తెల్లకాగితం ముందు భయం ఉండదు.

చోటు, సమయం అంటారా? ఎల్బీనగర్ నుంచి మియాపూర్ దాకా మెట్రోలో వెళ్లొచ్చే ఉద్యోగికి రోజూ గంటన్నర చేతిలో ఉన్నట్టే. సీటు దొరక్కపోయినా ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసుకోవచ్చు. టైపింగ్ రానివారికి తెలుగులో మాట్లాడితే అక్షరాలుగా మారే సదుపాయం ఫోన్లలో వచ్చేసింది. వంటింట్లో పప్పు ఉడికేలోగా ఓ సన్నివేశం చెప్పేయొచ్చు. తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు.

ఏ భాషలో రాయాలి?

మొదటిసారి నవల రాసేవారికి కలం పట్టుకోగానే ఎక్కడలేని గ్రాంథికం వచ్చేస్తుంది. ఇంట్లో మాట్లాడే మాట చిన్నబోయి పక్కన నిలబడుతుంది. మార్కెట్టులో మాటలు నిజానికి ఇలా ఉంటాయి...

"అన్నా, ఇయ్యాల బత్తాయి ఎట్ల పోయింది?"

"అడగకు తమ్మీ. కిరాయి పైసలు గూడ ఎల్లలే."

ఇదే నోట్‌బుక్కులోకి వచ్చేసరికి 'సోదరా, నేడు బత్తాయి ధర ఏ విధముగా నున్నది?' అయిపోతుంది. బత్తాయి అక్కడే వాడిపోతుంది!

ఈ మొహమాటాన్ని వదిలించిన నవలల్లో దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' ఒకటి. ఆళ్వారుస్వామి నవలల్లో మొదలుపెట్టిన తెలంగాణ కథను ముందుకు తీసుకెళ్లాలన్న సంకల్పంతో రంగాచార్య నవలా రచనకు దిగారు. 1969లో ఈ తొలి నవల వచ్చేనాటికి ఆయన వయసు నలభై దగ్గర. పాత్రలు ఏ మాట మాట్లాడతాయో ఆ మాటే రాశారు. తెలంగాణ పలుకుబడిని నవలలో చదవడం పాఠకులకు ఇంకా అలవాటు కాని రోజులవి. బాటసింగారం చుట్టుపక్కల ఇప్పుడు వినిపించేది ఒక్క యాస కాదు. నల్లగొండ రైతు, పాలమూరు కూలీ, విజయవాడ లారీ డ్రైవరు, ఉర్దూ కలిపి మాట్లాడే వ్యాపారి... ఎవరి మాట వారికి ఇస్తే నవల దానంతటదే చప్పుడు చేస్తుంది. రచయిత చెప్పే భాగం మాత్రం తనకు సులువుగా వచ్చే తెలుగులో ఉంటే చాలు.

చెవి బాగుపడాలంటే చదవాలి. నవల రాయాలనుకునేవారు నవలలు చదవకపోవడం వింతే కానీ, ఉంది! మాలతీ చందూర్ 'స్వాతి' మాసపత్రికలో 'పాత కెరటాలు' శీర్షికతో ప్రపంచ నవలల్ని తెలుగు ఇళ్లకు ఏళ్ల తరబడి పరిచయం చేశారు. ఆమె స్వయంగా నవలాకారిణి. 'హృదయనేత్రి'కి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. రాసే రోజుల్లో నెలకు ఒక్క మంచి నవలైనా చదవడం, అది కూడా 'ఇక్కడ ఎలా మొదలుపెట్టారు, ఇక్కడ ఎందుకు ఆపారు' అని చూస్తూ చదవడం... దీనికి మించిన కోచింగ్ దిల్‌సుఖ్‌నగర్లో కూడా దొరకదు.

ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా?

తొలి నవలలో సగం సొంత ఇంటి నుంచే వస్తుంది. అక్కడే అసలు భయం. "ఏమండీ, ఇందులో ఆ గయ్యాళి అత్తగారు మా అమ్మేనా?" అని భార్య అడిగితే ఏం చెప్పాలి? బాబాయి ఆస్తి తగాదా రాస్తే పండక్కి వాళ్లింటికి వెళ్లగలమా? ఈ భయంతోనే ఎన్నో నవలలు బీరువాల్లో ఉండిపోతాయి.

దీనికి పాతవాళ్లు చూపిన దారి ఉంది. దిమ్మెగూడెం ఆళ్వారుస్వామి కల్పించిన పేరు. రవి పాత్రకు దొంగరి మల్లయ్య తన పేరు పెట్టలేదు. నిజంగా జరిగినదాన్ని తీసుకుని ఊరు మార్చడం, ఇద్దరు మనుషుల్ని కలిపి ఒకరిని చేయడం, వృత్తి మార్చడం... ఇవి దాపరికాలు కావు, నవలా రచనలో భాగమే. అలా మార్చినప్పుడే పగ తీర్చుకోవాలన్న కోరిక పోయి, ఆ మనిషి అలా ఎందుకయ్యాడో తెలుసుకోవాలన్న కుతూహలం మొదలవుతుంది. గయ్యాళి అత్తగారికీ ఓ కష్టం ఉందని రచయితకు అర్థమైన రోజున నవల బాగుపడుతుంది. ఎవరి రహస్యమైనా అచ్చులో పడితే వాళ్ల బతుక్కి దెబ్బ తగులుతుందనుకుంటే, ఆ ముక్క వదిలేయడమే మర్యాద. దాని బదులు కల్పించడం నేర్చుకోవాలి.

ఇంకో జాగ్రత్త... కథను రాయకముందే అందరికీ చెప్పేయకూడదు. పదిమందికి చెప్పి మెప్పు పొందాక, రాయాలన్న ఆకలి తీరిపోతుంది. చిత్తుప్రతి పూర్తయ్యాక నెల రోజులు పక్కనబెట్టి, అప్పుడు మొదటి పేజీ నుంచి చదవాలి. ముగ్గు పెట్టే సమయం అదే. తర్వాత ఒక్కరికి ఇవ్వాలి. పొగిడేవారికి కాదు, 'ఇక్కడ విసుగొచ్చింది' అని మొహం మీద చెప్పగలవారికి.

అచ్చు సంగతి

వారపత్రికల్లో సీరియళ్లు ఏలిన రోజుల్లో కొత్త రచయితకు దారి సులువుగా తెలిసేది. వాటిలో చాలా పత్రికలు మూతపడ్డాయి. అంతమాత్రాన నవలకు రోజులు చెల్లలేదు. తానా నిర్వహించిన నవలల పోటీలో 2019లో రెండు లక్షల బహుమతి గెలిచిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' రెండేళ్లకే సినిమాగానూ వచ్చింది. అదీ ఒక ప్రాంతం కథే. కరువులో గొర్రెల్ని నల్లమల అడవికి తోలుకెళ్లే కాపరుల కథ. అంతకు ముందు అదే పోటీలో నెగ్గిన బండి నారాయణస్వామి 'శప్తభూమి' అనంతపురం నేల మీద నడుస్తుంది. దానికి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తమ నేలను పట్టుకున్నవారికే గెలుపు దక్కింది.

బహుమతి రాకపోవచ్చు. కొద్ది కాపీలే వేసుకోవలసి రావచ్చు. బుచ్చిబాబు పేరు చెప్పగానే గుర్తొచ్చేది 'చివరకు మిగిలేది' అనే ఒక్క నవలే. తెలుగువాళ్లు దాన్ని ఇంకా వదల్లేదు. ఎన్ని రాశారన్నది తర్వాత సంగతి.

అన్నిటికన్నా తొందరపెట్టే సంగతి ఇంకోటుంది. రచయిత రిటైర్మెంటు దాకా ఆగగలడు, ఊరు ఆగదు. కొత్తపేటలో తెల్లవారుజామున మామిడిపండ్ల వాసన ఎలా ఉండేదో, రోడ్డు మీద ఆగిన డీసీఎం వ్యాన్ల మధ్య నుంచి బడికెళ్లే పిల్లలు ఎలా దాటేవారో తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంకో ఇరవై ఏళ్లకు ఆసుపత్రికి వచ్చేవాళ్లకు అక్కడో మార్కెట్టు ఉండేదని తెలియకపోవచ్చు. బాటసింగారం చుట్టూ పొలాలు ప్లాట్లవుతున్నాయి. వెంచర్ల బ్రోచర్లలో ఎకరాలు, గజాలు ఉంటాయి... ఆ పొలంలో నాట్లేసిన మనిషి ఉండదు. ఆమెను గుర్తుపెట్టుకోగలిగింది నవలే.

కాబట్టి, ఆ పాలలెక్కల నోట్‌బుక్కులో ఇంకా తెల్లకాగితాలు మిగిలే ఉంటాయి. ఈ ఆదివారం సాయంత్రం ఒక పేజీ... మీ ఊరి పేరుతో మొదలుపెట్టినా సరే!